కొత్త ఎమోజీలు ఎవరికి అక్కర?

వ్యాఖ్యాత: అక్షరాలకు, ఎమోజీలకు సంకేత సంఖ్యలిచ్చే ప్రమాణం యూనికోడ్. 2024 సెప్టెంబరులో దాని 16వ కూర్పుతో కళ్ళ కింద ఉబ్బిన అలసట ముఖం వచ్చింది. వేలిముద్ర, పార, ఆకులు రాలిన చెట్టు కూడా వచ్చాయి. రోజూ సందేశాలు పంపుకునేవారికి ఇవన్నీ కావాలా?

ఇంజినీరు: చాలావరకు అక్కరలేదండీ. 2021లో యూనికోడ్ సంస్థే లెక్క చెప్పింది. అప్పటికి ఉన్నవి 3,663 ఎమోజీలు. జనం పంపుకునేవాటిలో దాదాపు 82 శాతం, ఎక్కువగా వాడే మొదటి వందలోవే.

అధ్యాపకురాలు: లెక్కతో నాకు పేచీ లేదు, మీ తీర్పుతోనే ఉంది. చీర, ఆటో, గుడి, ప్రమిద 2019లో గానీ రాలేదు. అప్పటిదాకా దీపావళి శుభాకాంక్షల పక్కన కొవ్వొత్తి పెట్టుకున్నాం. వినికిడి లోపమున్న మనిషి, తెల్లకర్ర పట్టుకున్న మనిషి, చక్రాల కుర్చీలోని మనిషి కూడా ఆ ఏడాదివే. మొదటి వందలో లేరని వాళ్ళను వద్దంటామా?

ఇంజినీరు: అనం మేడమ్. నా అభ్యంతరం ముఖాల మీద. నవ్వుకే డజను రకాలున్నాయి. వెతికే సమయంలో ఒక వాక్యం రాయవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. మనం పంపేది బొమ్మ కాదు, దాని సంకేత సంఖ్య. అవతలి పాత ఫోనుకు ఆ సంఖ్య తెలియకపోతే ఖాళీ గడి కనిపిస్తుంది. ఊళ్ళో ఉన్న అమ్మమ్మకు మనవరాలు పంపిన కొత్త ముఖం చేరనే చేరదు.

వ్యాఖ్యాత: మన కుటుంబ గ్రూపుల్లో మాత్రం చేతులు జోడించిన గుర్తే అన్నిటికీ సరిపోతోంది కదా?

అధ్యాపకురాలు: నన్ను బాధపెట్టేది అదే. పెళ్ళిపిలుపుకూ అదే, చావు కబురుకూ అదే. తండ్రిని పోగొట్టుకున్న మనిషికి వరుసగా యాభై జోడించిన చేతులు కనిపిస్తాయి, ఒక్క మాట కనిపించదు. పోయినాయన గురించి మనకు గుర్తున్నది రెండు ముక్కలు రాయాలి. ఎన్ని కొత్త ఎమోజీలు వచ్చినా ఆ పని చేయలేవు. ఆటో ఎక్కానని చెప్పడానికి మాత్రం ఆటో బొమ్మ చాలు, హాయిగా పంపండి.

వ్యాఖ్యాత: ఎవరైనా కొత్తది ప్రతిపాదించవచ్చట. మీరు ఏది అడుగుతారు?

అధ్యాపకురాలు: ముగ్గు. సంక్రాంతి నెల పొడవునా వాడతాం.

ఇంజినీరు: దరఖాస్తులో రెండు సంగతులు చూపించాలి మేడమ్: ఎక్కువమంది వాడతారని, చిన్న పరిమాణంలోనూ పోల్చుకోవచ్చని. చుక్కలు కలిసిపోయి పువ్వులా కనిపిస్తుందేమో.

అధ్యాపకురాలు: నాలుగు చుక్కల మెలిక ముగ్గు వేసి చూద్దాం.

ఇంజినీరు: అయితే గీయండి. దరఖాస్తు నేను రాస్తాను.