బంతికి గ్రీజు పూయాలా, వద్దా? విజయవాడ స్టూడియోలో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ట్రాక్టరుకు ట్రక్కు తగిలించినా, కారు వెనక ఫుడ్ ట్రైలర్ కట్టినా, రెండు బండ్ల మధ్య ఒక హుక్కో, బంతో ఉంటుంది. దానికి గ్రీజు పెట్టాలా వద్దా అన్నదే ఇవాళ్టి చర్చ. ఆటోనగర్ నుంచి మేస్త్రీ గారు, గుంటూరు నుంచి మెకానికల్ పాఠాలు చెప్పే మాస్టారు, ప్రత్తిపాడు వైపు నుంచి మిర్చి రైతు బాబాయ్ వచ్చారు. బాబాయ్, మీతోనే మొదలుపెడదాం.

రైతు: ఇందులో చర్చించేదేముందమ్మా? కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని ఊరికే అన్నారా? మా నాన్న ఎద్దుబండి ఇరుసుకు ఆముదం పట్టించేవాడు, నేను హుక్కు పిన్నుకి గ్రీజు పెడుతున్నా. యార్డుకు కాయ తోలే రోజుల్లో అయితే రోజు విడిచి రోజు.

మేస్త్రీ: తుడిచి పెడతారా, ఉన్నదాని మీదే పెడతారా?

రైతు: (నవ్వి) ఉన్నదాని మీదే.

మేస్త్రీ: అదిగో, అక్కడే వచ్చింది చిక్కు. (సంచిలోంచి ఒక టో బాల్, అంటే ట్రైలర్ తగిలించే ఇనుప బంతి, తీసి బల్ల మీద పెట్టారు) ఇది నిన్న షెడ్లో విప్పిన బంతి, కారుది. అమ్మా, ఆ నల్ల ముద్ద కాస్త తీసి రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి.

వ్యాఖ్యాత: అయ్యో... బొంబాయి రవ్వలా తగులుతోంది.

మేస్త్రీ: అదంతా రోడ్డు మీది ఇసుకే. గ్రీజుకు అంటుకుని ముద్దయింది. ఇక అది గ్రీజు కాదు, సాన పట్టే పేస్టు. (కాటన్ వేస్టుతో తుడుస్తూ) ఇప్పుడు చూడండి. కారు వైపు ముఖం అద్దంలా మెరుస్తోంది, చదునైపోయింది. వెనక మాత్రం గుండ్రంగానే ఉంది.

మాస్టారు: ట్రైలర్ వైపు నుంచి బంతి మీద బోర్లించి బిగించేది కప్లర్. లాగేటప్పుడు ఆ కప్లర్ గిన్నె లోపలి గోడకు ఒరుసుకునేది ఆ ముందు ముఖమే. వెనక ముఖానికి పని పడేది బ్రేకు వేసినప్పుడే.

రైతు: అయితే గ్రీజు మానేయమంటారా?

మాస్టారు: అలా అనలేదు. ఇంజిన్‌లో షాఫ్టు వేగంగా తిరుగుతూ ఆయిల్ పొర మీద తేలుతుంది. ఇక్కడ బంతి తిరగదు, మలుపులో, గుంటలో కాస్త మెసులుతుంది అంతే. మీరు అరడబ్బా మెత్తినా ఆ బరువుకు గ్రీజు పక్కలకు జారిపోతుంది. పనికొచ్చేది మిగిలిన పల్చటి పొరే. అది కూడా మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే పొడి కలిసిన నల్ల గ్రీజైతే అంత ఒత్తిడికి బాగా నిలుస్తుంది.

మేస్త్రీ: నా లెక్కలో తుడవడమే అసలు పని, పూయడం తర్వాత సంగతి. గ్రీజు కింద అరుగుదల కనపడదు కూడా. యూరప్ కొలత బంతి 50 మిల్లీమీటర్లు, అరిగి 49కి దిగితే మార్చేయాలి. అమెరికా కప్లర్ రెండంగుళాలది, అంటే 50.8. ఈ బంతికి ఆ కప్లర్ బిగించేసి, లూజు కదా అని అడిగితే గ్రీజు కూరండి అనేవాళ్లని చూశాను!

వ్యాఖ్యాత: మంగళగిరి నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి.

ఫోన్‌లో ప్రేక్షకుడు: మేడమ్, నేను సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫారిన్ ట్రైలర్ కొన్నాను. మలుపులో కీచుమంటుంటే ఒక షాపుకు తీసుకెళ్లాను. బంతికి గ్రీజు దట్టంగా పట్టించారు. శబ్దం ఆగింది గానీ, కాజ టోల్ దాటాక పక్కనుంచి లారీ పోయేసరికి ట్రైలర్ తోక ఊపడం మొదలెట్టింది. అంతకుముందు ఎప్పుడూ లేదండీ.

మేస్త్రీ: కప్లర్ మీద హ్యాండిళ్లు ఒకటా, రెండా?

ప్రేక్షకుడు: రెండు.

మేస్త్రీ: లోపల ప్యాడ్లుంటాయి సార్, బ్రేకు ప్యాడ్ల లాంటివి. రెండో హ్యాండిల్ నొక్కితే అవి బంతిని గట్టిగా పట్టుకుంటాయి. ట్రైలర్ అటూ ఇటూ ఊగకుండా ఆపేది ఆ పట్టే.

మాస్టారు: ఒకే హ్యాండిల్‌తో ప్యాడ్లు పనిచేసే రకమూ ఉంది. అందుకని లోపలికి తొంగి చూడటమే మంచిది. ప్యాడ్లు కనిపిస్తే ఆ బంతికి చుక్క జిడ్డు తగలకూడదు. కొత్త బంతి మీది రంగు కూడా ఎమ్రీ పేపర్‌తో గీకేయాలి. మీకు కీచుమన్నది ఆ రంగు వల్లో, ప్యాడ్ల మీద చేరిన మట్టి వల్లో అయుంటుంది.

రైతు: అంతే మరి. ఇరుసుకు ఆముదం పోశాం గానీ, కాడి దగ్గర పలుపుతాడుకు ఎవడైనా పోశాడా?

మాస్టారు: (నవ్వుతూ) బాబాయ్ నా పాఠం కాజేశారు.

ప్రేక్షకుడు: ఇప్పుడు ఏం చేయమంటారండీ?

మేస్త్రీ: బ్రేక్ క్లీనర్ కొట్టి బంతి తుడవండి, గుడ్డకు నలుపు అంటనంత వరకు. ప్యాడ్లు పైపైన మెరుస్తుంటే సన్న ఎమ్రీతో రుద్దొచ్చు. జిడ్డు లోపలికి ఇంకితే మాత్రం కొత్తవే వేయాలి. అప్పటిదాకా హైవే ఎక్కకండి.

వ్యాఖ్యాత: ఆటోనగర్‌లో పెద్ద లారీల వెనక, ట్రైలర్ ఆనే ప్లేటు మీద మాత్రం గ్రీజు గుట్టలుగా కనిపిస్తుందే?

మేస్త్రీ: దాని లెక్క వేరు. టన్నుల బరువు ఆ ప్లేటు మీద కూర్చుని తిరుగుతుంది, గ్రీజు లేకపోతే స్టీరింగే బిగుసుకుంటుంది. అక్కడా పాతది గీకాకే కొత్తది. ఇంకోటి, లైట్ల సాకెట్‌లో ఈ గ్రీజు పెట్టకండి. పిన్నుల మీద మట్టి పేరుకుని ఇండికేటర్ పోతుంది.

రైతు: మరి నా ట్రాక్టరు సంగతి? బంతీ లేదు, ప్యాడ్లూ లేవు.

మేస్త్రీ: మీకు గ్రీజు కావాల్సిందే బాబాయ్. వాన వెలిశాక తుప్పు పట్టకుండా అదే కాపాడుతుంది. పిన్ను ఊడదీసి, కిరోసిన్‌తో కడిగి, పల్చగా పూయండి. ట్రాక్టరు వెనక డ్రాబార్‌కి పిన్ను దూరే రంధ్రం కోడిగుడ్డులా సాగిందేమో కూడా చూడండి. సాగితే గ్రీజు ఏం చేయలేదు, వెల్డింగుకు రావాల్సిందే. అది సరే, మీ గ్రీజు డబ్బా ఎక్కడ పెడతారు?

రైతు: కళ్లం పక్క కొట్టంలో.

మేస్త్రీ: మూత ఉందా?

రైతు: మూత ఎప్పుడో పోయింది.

మేస్త్రీ: అయితే ఇంటికెళ్లగానే ముందు ఆ డబ్బాలో వేలు పెట్టి నలపండి.