వాడు మనల్ని చూశాడా? మియాపూర్ నుంచి పంజాగుట్ట దాకా బండి మీద

[హెల్మెట్ కెమెరా వీడియో. ఎర్రగడ్డ, పొద్దున తొమ్మిదింపావు. బండి కదులుతుండగానే బొమ్మ ఆగిపోతుంది.]

ఇక్కడ ఆపుతున్నా. ఒకసారి ఈ బొమ్మ మొత్తం చూడండి. ఎదురుగా సిటీ బస్సు, బ్రేకు లైట్లు వెలిగాయి. నాకంటే కొంచెం ముందు, కుడివైపు ఖాళీ ఆటో. దాని అవతల తెల్ల కారు, ఎడమ ఇండికేటర్ కొట్టుకుంటోంది. ఎడమవైపు ఫుట్‌పాత్. ఇంకో మూడు సెకన్లలో వీటిలో ఒకటి నా దారికి అడ్డం వస్తుంది. ఏదో చెప్పండి చూద్దాం.

ఇంట్లో చూపిస్తే మా తమ్ముడు కారన్నాడు. మా ఆవిడ బస్సంది. రెండూ కాదు. జవాబు చివర్లో చూపిస్తా, ఈలోగా మీకే తట్టొచ్చు.

[మాట్లాడే మనిషి, బండి పక్కన నిలబడి. వెనక మెట్రో పిల్లర్లు.]

నమస్తే. పదకొండేళ్ళుగా నాది ఇదే దారి. మియాపూర్, కూకట్‌పల్లి, మూసాపేట, ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజాగుట్ట. పిల్లర్ల కోసం రోడ్డు సగం తవ్వేసినప్పుడూ ఇటే పోయా, 2017 నవంబరులో మెట్రో మొదలయ్యాకా ఇటే పోతున్నా. మెట్రో ఎక్కొచ్చు కదా అంటారు. పని మీద రోజుకు నాలుగు చోట్లకు తిరిగేవాడికి బండి తప్పదు.

ఈ పదకొండేళ్ళలో గుండె గుభేల్‌మన్న సందర్భాలన్నీ ఒక రోజు కూర్చుని గుర్తు చేసుకున్నా. రోడ్డు వేరు, వాన వేరు, అవతలి బండి వేరు. కానీ ప్రతిసారీ దానికి ముందు క్షణంలో నా మనసులో ఉన్న మాట ఒకటే. 'చూస్తాడులే.' ఈ వీడియో అంతా ఆ మాట గురించే.

[బొమ్మ: పైనుంచి చూసినట్టు గీసిన కూడలి. ఎడమకు తిరుగుతున్న బస్సు.]

మొదట నా తప్పుతోనే మొదలుపెడతా. ఆరేళ్ళ కింద సంగతి. సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య బండి పట్టేంత సందు. దూరిపోయా. అంతలో ఫ్రీ లెఫ్ట్ తీసుకుంటూ బస్సు కదిలింది. ముందు చక్రాలు నన్ను దాటిపోయాయి కాబట్టి గండం గడిచిందనుకున్నా. ఆ తర్వాత చూస్తే పక్కనున్న రేకు మెల్లగా నా మోకాలి వైపు జరుగుతోంది.

బస్సు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాలు పోయిన దారిలో పోవు. మూల వైపు కోసుకుంటూ వస్తాయి. బస్సు ఎంత పొడవుంటే అంత లోపలికి వస్తాయి. అందుకే సందు మొదట్లో బండి పట్టేంత ఉంటుంది, చివరికొచ్చేసరికి మనిషి కూడా పట్టడు. పైగా మన దగ్గర డ్రైవరు కూర్చునేది కుడివైపు. తలుపు దాటి వెనక, చక్రం పక్కన ఎవరున్నారో ఎడమ అద్దంలో కనబడితే కనబడినట్టు, లేకపోతే లేదు.

నన్ను కాపాడింది కండక్టరమ్మ. రేకు మీద అరచేత్తో దబదబా కొట్టింది, బస్సాగింది. నా లెగ్‌గార్డు ఫుట్‌పాత్ రాయికి ఒత్తుకుని వంకర పోయింది. 'కండ్లు కనబడ్తలేవా కొడకా' అని ఆమె తిట్టిన తిట్టు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

బస్సు ఎడమ పక్క ఇంకో గొడవ కూడా ఉంది. స్టాపులో ఆటోలు నిండిపోయి ఉంటాయి కాబట్టి బస్సు రోడ్డు మధ్యలోనే ఆగుతుంది. దిగేవాళ్ళు ఎటు దిగుతారు? మీరు దూరిన ఆ సందులోకే. బస్సు దిగే మనిషి కింద మెట్టు చూసుకుంటాడు గానీ బండి వస్తోందేమోనని చూడడు. కాబట్టి ఆగిన బస్సు ఎడమ సందు నా లెక్కలో రోడ్డే కాదు. కుడివైపు నుంచి వెళ్ళే వీలుంటే వెళ్ళండి, లేకపోతే వెనకే ఆగండి. పొగ కొంచెం పీల్చాల్సి వస్తుంది, అంతే.

[వీడియో: కూకట్‌పల్లి దగ్గర, పిల్లర్ల మధ్య యూటర్న్.]

ఇప్పుడు పిల్లర్లు. మనకు ఇవి అడ్రస్ చెప్పుకోవడానికి బాగా పనికొస్తున్నాయి, ఫలానా నంబరు పిల్లర్ ఎదురుగా అని. బండి మీద ఉన్నప్పుడు మాత్రం వీటి వెనక ఏముందో ఆలోచించాలి.

ఈ కారు చూడండి. యూటర్న్ తీసుకోవడానికి పిల్లర్ వెనక నిలబడింది. డ్రైవరు కూర్చున్నచోటికి ముందు బానెట్ ఉంది. కాబట్టి అతను మనల్ని చూడాలంటే ముందు కారు ముక్కు మన లైన్లోకి బయటపెట్టాలి. అంటే చూడటానికంటే ముందే అడ్డం వస్తాడు. అది అతని పొగరు కాదు, కంటికి దగ్గరగా ఉన్న పిల్లర్ ఒక లారీని కూడా దాచేస్తుంది. మన బండి ఎంత?

2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త బండ్లకు పగలు కూడా హెడ్‌లైట్ వెలిగే ఉంటుంది. 'లైటు వెలుగుతోంది' అని ఇప్పటికీ చెయ్యి ఆడించి చెబుతుంటారు కొందరు పెద్దవాళ్ళు. ఆ లైటు దారి చూడటానికి కాదు, మనం కనబడటానికి. ఐనా పిల్లర్ అడ్డం ఉంటే లైటేం చేస్తుంది? అందుకని యూటర్న్ సందు రాకముందే నేను డివైడర్ పక్క లైను వదిలేస్తా. ఎడమకు జరిగేముందు అద్దం చూసి, ఒకసారి భుజం మీదుగా వెనక్కి తల తిప్పి చూస్తా. అద్దంలో కనబడని బండి ఒకటి ఎప్పుడూ మన మోకాలి పక్కనే ఉంటుంది.

అలాగని పూర్తిగా ఎడమ అంచుకు కూడా పోవద్దు. అటునుంచి రాంగ్ రూట్‌లో, ఫోను చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని, ఒకాయన వస్తూ ఉంటాడు. ఆ అంచునే పార్క్ చేసిన కార్లుంటాయి. వెనక అద్దంలోంచి డ్రైవరు సీట్లో తల కనబడిందంటే ఆ తలుపు తెరుచుకోబోతోందనే లెక్క. తలుపు వెడల్పంత దూరం వదిలి పోవాలి.

మరి ఎక్కడుండాలి? ముందున్న కారు పక్క అద్దంలో డ్రైవరు మొహం మీకు కనబడే చోట. మీకు అతని మొహం కనబడితే అతను మిమ్మల్ని చూసే అవకాశం ఉంది. చూశాడని కాదు సుమా, అవకాశం ఉందని.

[దగ్గరి నుంచి: ఆటో ముందు చక్రం.]

ఇండికేటర్లను నమ్మకండి. వేసి తిరగనివాళ్ళున్నారు, తిరిగి వేసేవాళ్ళున్నారు. నిన్న సాయంత్రం వేసి ఇవాళ పొద్దున దాకా ఆపనివాళ్ళూ ఉన్నారు. చక్రం చూడండి. ఆటోకి ముందుండేది ఒకే చక్రం. ఆటో తిరగకముందే అది తిరుగుతుంది. కారైతే ముందు టైరు అంచు. డ్రైవరు తల ఎటు తిరిగితే బండి కూడా కాసేపట్లో అటే. క్యాబ్ నిదానమై డ్రైవరు ఫోనులోకి చూస్తున్నాడంటే ఎక్కాల్సిన మనిషిని వెతుకుతున్నాడు. దొరికాడా, ఉన్నచోటే ఆపేస్తాడు.

[తెర మీద అంకెలు: 40, 60.]

కాస్త లెక్క. నలభైలో పోతుంటే సెకనుకు 11 మీటర్లు. ప్రమాదం కంటబడి చెయ్యి బ్రేకు మీదకు వెళ్ళేలోపు ఒక సెకను పోయిందనుకోండి, దాదాపు ఒక సిటీ బస్సు పొడవు దాటేశారు. పొడి రోడ్డు, మంచి బ్రేకులు ఉంటే ఆగడానికి ఇంకో 10 మీటర్లు. మొత్తం రెండు బస్సులు. అదే అరవైలో? సుమారు 40 మీటర్లు. వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లు, ఆగే దూరం మాత్రం దాదాపు రెండింతలైంది.

అందుకే రద్దీలో నా రెండు వేళ్ళు ఎప్పుడూ ఫ్రంట్ బ్రేకు మీదే ఉంటాయి, నొక్కకుండా, ఊరికే ఆనించి. మూడో వంతు సెకను కలిసొచ్చినా నలభైలో మూడున్నర మీటర్ల పైమాటే.

'ముందు అంత గ్యాప్ వదిలితే ఇంకొకడు దూరతాడు కదా' అంటారు. దూరతాడు. దూరనివ్వండి. ఒక్కడు దూరితే మీకు పోయేది రెండు సెకన్లు. మియాపూర్ నుంచి పంజాగుట్ట దాకా ముప్పై మంది దూరారనుకోండి, పోయింది ఒక్క నిమిషం. నాకైతే ఆ నిమిషం ఆఫీసులో చాయ్ దగ్గరే పోతుంది.

ఫ్రంట్ బ్రేకు పట్టుకుంటే బండి పల్టీ కొడుతుందని మనలో చాలామందికి చిన్నప్పుడే భయం పెట్టారు. నిజానికి బండిని ఆపే పనిలో పెద్ద వాటా దానిదే, ఎందుకంటే బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వస్తుంది. ఒక్కసారిగా గుంజొద్దు. నిమ్మకాయ పిండినట్టు క్రమంగా నొక్కాలి, వెనక బ్రేకు తోడుగా. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, అంతకు తక్కువ వాటికి కనీసం రెండు చక్రాలూ కలిసి ఆగే సీబీఎస్ వస్తున్నాయి. మీ బండికి ఏది ఉందో తెలుసుకుని, ఆదివారం పొద్దున ఖాళీ గ్రౌండులో పదిసార్లు ఆపి చూడండి.

ఐతే ఒక చోట ఫ్రంట్ బ్రేకు ముట్టుకోవద్దు. నడిచే వేగంలో, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు. భరత్‌నగర్ బ్రిడ్జి మీద రోజూ ఒకరైనా ఇలాగే పక్కకు ఒరగడం చూస్తా. అప్పుడు హాఫ్ క్లచ్, కొంచెం రేజ్, కుడికాలు వెనక బ్రేకు మీద. కింద పెట్టాల్సింది ఎడమకాలు. చూపు ముందు టైరు మీద కాదు, ఎటు పోవాలో అటు.

[వీడియో: వాన. మెట్రో స్టేషన్ కింద గుంపుగా ఆగిన బండ్లు.]

వాన మొదలైన తొలి పది పదిహేను నిమిషాలు మహా చెడ్డవి. రోడ్డు మీది ఆయిలూ దుమ్మూ కలిసి జారుడుగా అవుతాయి. జీబ్రా తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, ఫ్లైఓవర్ అతుకుల ఇనుప పట్టీలు, వీటి మీద వంగొద్దు, బ్రేకు వేయొద్దు. ఇంకో మాట. మెట్రో స్టేషన్ కింద తడవకుండా ఆగేవాళ్ళు సగం రోడ్డు ఆక్రమిస్తారు. వానలోంచి ఆ చీకట్లోకి వచ్చేవాడికి ఎదురుగా బండ్ల గోడ. ఆగేవాళ్ళలో నేనూ ఒకణ్ణే, కాదనను. ఆగితే బండిని ఫుట్‌పాత్‌కు ఆనించి ఆపండి.

[హెల్మెట్ దగ్గరి నుంచి. గడ్డం కింద స్ట్రాప్.]

హెల్మెట్ గురించి ఎక్కువ చెప్పను. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్ళే. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వెనక కూర్చున్నవాళ్ళకూ హెల్మెట్ అడుగుతుంది. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. స్ట్రాప్ బిగించండి. బిగించని హెల్మెట్ కెమెరాకు కనబడటానికే పనికొస్తుంది, పడ్డప్పుడు మనకంటే ముందు అదే ఎగిరిపోతుంది. చీర, చున్నీ ఉన్నవాళ్ళు వెనక కూర్చుంటే కొంగు ఒళ్ళో పెట్టుకున్నారో లేదో చూసి అప్పుడు గేరు వేయండి.

[మళ్ళీ మొదటి వీడియో. అదే చోట ఆగిన బొమ్మ. ఎడమ మూల పెద్దదవుతుంది.]

సరే, మొదటి ప్రశ్న. కారు ఇండికేటర్ అంతకుముందు కిలోమీటరు నుంచీ వెలుగుతూనే ఉంది. బస్సు తన స్టాపులో ఆగుతోంది, అంతే. ఇటు చూడండి, ఫుట్‌పాత్ మీద చెట్టు వెనక. మనిషి కనబడట్లేదు. మోచేతి నుంచి పైకి చెయ్యి, చేతిలో టిఫిన్ బ్యాగు. ఆ చెయ్యి లేచింది ఎవరి కోసం? కుడివైపున్న ఖాళీ ఆటో కోసం. ఇప్పుడు ఆటో ముందు చక్రం.

[వీడియో నెమ్మదిగా కదులుతుంది. చక్రం ఎడమకు తిరుగుతుంది. ఆటో అడ్డంగా వస్తుంది. కెమెరా ముందుకు వంగి నిలబడుతుంది. ఆటోకీ బండికీ మధ్య ఒక మనిషి నడిచేంత జాగా.]

బ్రేకు నొక్కడం మొదలుపెట్టింది చక్రం తిరిగాక కాదు, చెయ్యి లేచినప్పుడు. ఆటో అన్న తల బయటపెట్టి ఏమన్నాడో వినండి.

[ఆటో గొంతు: 'అరె తమ్మీ, ఎక్కడ్నుంచి వచ్చినవ్? చూడనే లేదు!']