ఆ ఖాళీ పెంకుల సంగతి

అధ్యక్షులకు, పెద్దలకు, ముందు వరుసలో నోటుపుస్తకాలతో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

నన్ను ధ్రువ సముద్రాల మంచు గురించి చెప్పమన్నారు. సముద్రపు నీరు సుమారు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అప్పుడు వేరుపడిన ఉప్పునీరు కొంత, సన్నటి కాలువలుగా మంచులోనే చిక్కుకుంటుంది. డయాటమ్‌లు, అంటే గాజులాంటి పెంకున్న సూక్ష్మ నాచుకణాలు, పెరిగేది అక్కడే. వసంతంలో గడ్డను తిరగేస్తే అడుగంతా గోధుమరంగు. దాన్ని తినే జీవులు, వాటిని తినే చేపలు, సీల్‌లు... ఆ కథ మీకు తెలుసు. నా మనసులో ఉన్నది వేరే.

పనిలో చేరిన కొత్తలో, కరిగించిన మంచు నమూనాలో డయాటమ్‌లు లెక్కపెడుతున్నాను. ఒకదాని మీద గుండ్రటి బుడిపె. పక్కదాని మీద రెండు. లోపలి పదార్థం ముడుచుకుపోయి ఉంది. "ఇదేమిటండీ?" అని మా పెద్దాయన్ని అడిగాను. "మురికి, వదిలెయ్" అన్నారు. వదిలేశాను. 'చనిపోయినవి' అన్న గడిలో గీత గీశాను. అలా ఎన్ని గీతలు గీశానో! ఇప్పటికీ బాధేస్తుంది.

అది మురికి కాదండీ. కైట్రిడ్ అనే శిలీంధ్రం. దాని బీజం ఒంటితోకతో ఈదుకుంటూ వచ్చి డయాటమ్‌కు అతుక్కుంటుంది. తోక వదిలేసి, గాజు పెంకు లోపలికి వేరులాంటి పోగు దింపుతుంది. సారమంతా పీల్చి సంచిలా ఉబ్బుతుంది. ఆ సంచిలోంచి మళ్లీ బీజాలు. మిగిలేది ఖాళీ పెంకు. ఆర్కిటిక్ సముద్ర శిలీంధ్రాల్లో వీటిదే పైచేయి అని 2016లో హాసెట్, గ్రాడింగర్ అనే పరిశోధకులు రాశారు. మేం మురికి అన్నది దీన్నే!

పైగా ఇది చంపడంతో ఆగదు. ఆస్టెరియోనెల్లా అనే మంచినీటి డయాటమ్, డాఫ్నియా అనే చిన్న నీటిపురుగు నోటికి పట్టదు. కైట్రిడ్ దాన్ని తిని బీజాలు వదిలితే, డాఫ్నియా ఆ బీజాల్ని తిని బతుకుతుంది. 2007లో మైకో కగామి బృందం ఈ సంగతి చూపింది. మరి మంచు కాలువల్లో? 'చనిపోయినవి' అని గీత గీసేస్తే ఆ ప్రశ్నే పుట్టదు.

విద్యార్థులూ, ఇది రాసుకోండి. మంచును వడకట్టిన సముద్రపు నీటిలో కరిగించండి. లేకపోతే ఉప్పు ఒక్కసారిగా తగ్గి సున్నితమైన కణాలు పగిలిపోతాయి. కాల్కోఫ్లోర్ వైట్ అనే రంగు చుక్క వేస్తే, కైటిన్ అనే గట్టి పదార్థంతో కట్టిన శిలీంధ్రం గోడ అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరుస్తుంది. పట్టికలో ఇంకో గడి గీయండి: 'దేనివల్ల చనిపోయాయి?'

ఆనాటి సీసాలు కొన్ని ఫార్మలిన్‌లో నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఈమధ్యే మొదటిది తెరిచి రంగు వేశాను. నీలం చుక్కలు! మిగతావి లెక్కపెట్టడానికి నాతో ఎవరు కూర్చుంటారు? చేతులెత్తండి.