అడిగి వస్తానమ్మా
(డబ్లిన్‌లో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎండ కాసిన ఆదివారం పూట కూడా ఇంతమంది వచ్చి కూర్చున్నారంటే పిల్లల చదువంటే మీకెంత పట్టింపో తెలుస్తూనే ఉంది.

నిర్వాహకులు నన్ను పిలిచి, "ఇక్కడి ప్రైమరీ స్కూళ్లలో ఈ ప్రాజెక్టులేమిటి, ఈ చందాలేమిటి, ఈ టూర్లేమిటి, కొత్తగా వచ్చినవాళ్లకు కాస్త చెప్పండి" అన్నారు. మా పాప ఇప్పుడు ఫిఫ్త్ క్లాసు. జూనియర్ ఇన్‌ఫాంట్స్, అంటే ఫస్ట్ క్లాసుకు ముందుండే రెండేళ్లలో మొదటిది, అక్కడి నుంచి లెక్కేస్తే ఆ బడి గుమ్మం తొక్కడం మాకిది ఏడో ఏడు. అందులో మూడేళ్లు పేరెంట్స్ అసోసియేషన్‌లో పని చేశాను. నాకు తెలిసింది అంతవరకే. అయితే ఆ ఏడేళ్లలో నన్ను బాగా కదిలించిన సంగతి ఒకటుంది, దానితోనే మొదలుపెడతాను.

పాప సెకండ్ క్లాసులో ఉండగా ఒక సాయంత్రం సంచిలోంచి పచ్చ కార్డు తీసింది. స్పాన్సర్డ్ వాక్ అట. పిల్లలంతా కలిసి నడుస్తారు, ఆ నడకకు తెలిసినవాళ్లు తలా ఒకటో రెండో యూరోలు ఇస్తారు. కార్డు మీద గళ్లున్నాయి, పేరు రాయడానికో గడి, ఎంతో రాయడానికో గడి. నేను వెంటనే, "దీనికెవరినీ అడగక్కర్లేదు, నాన్నా నేనూ కలిపి ఇరవై వేసేస్తాం" అన్నాను. పాప ఒప్పుకోలేదు. "టీచర్ పక్కింటివాళ్లను అడగమన్నారు. అడిగి వస్తానమ్మా" అంది.

నాకు గుండె గుభేలుమంది. మనం ఎలా పెరిగాం? "ఒకరింటికి వెళ్లి ఏదీ అడక్కు" అని చెప్పించుకుని పెరిగాం. చెయ్యి చాచడం కంటే తలవంపు లేదనుకున్నాం. అడగందే అమ్మైనా పెట్టదన్న మాటా మనదే, కానీ అది ఇంట్లోవాళ్ల మధ్య చెల్లే మాట, వీధిలో చెల్లేది కాదు. పరాయి దేశంలో, రంగు వేరు యాస వేరు అయిన చోట, నా ఏడేళ్ల పిల్ల తలుపులు కొట్టి డబ్బులడగడమా? ఆ రాత్రి మా నాన్నకు ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన అంతా విని, "మన వీధి బడుల్లో దసరా వస్తే ఏం చేసేవాళ్లమ్మా? పిల్లలంతా విల్లంబులు పట్టుకుని అయ్యవారి వెంట ఇల్లిల్లూ తిరిగి పాడేవాళ్లు కదా. అయ్యవారికి సంభావన, పిల్లలకు పప్పుబెల్లాలు. దాన్ని అడుక్కోవడమని ఎవరన్నారు? అది బడి ఊరిని పలకరించడం" అన్నారు.

మర్నాడు పాప వెంట నేనూ నడిచాను. మా పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ. రెండేళ్లుగా పక్కపక్కనే ఉన్నా వాన గురించి తప్ప మేం మాట్లాడుకున్నది లేదు. ఆవిడ కార్డు చేతిలోకి తీసుకుని, "ఎంత దూరం నడుస్తావు? ఈ డబ్బు ఎవరికి?" అని అడిగింది. మా పాప నోరు పెగల్లేదు. ఆ రెండూ తెలుసుకోకుండానే వెళ్లాం. ఆవిడ తొందరపడకుండా, "తెలుసుకుని రేపు రా, నేనెక్కడికీ పోను" అంది. మరుసటి రోజు పాప బడిలో అడిగి తెలుసుకుని వచ్చి గడగడా చెప్పింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, పేరు గుండ్రంగా రాసి, రెండు యూరోల నాణెం పాప అరచేతిలో పెట్టింది. ఆ తర్వాతి వారం ఆవిడే మా గుమ్మంలోకి వచ్చి, "నడక ఎలా జరిగింది?" అని అడిగింది. ఈ ఊళ్లో మా ఇంటికి వచ్చిన మొదటి ఐరిష్ అతిథి ఆవిడే.

ఇప్పుడు చాలా బడులు కార్డు మానేసి ఆన్‌లైన్ లింకు పంపుతున్నాయి. డబ్బు త్వరగా వస్తుంది, లెక్క తేలిక. అయినా నా ఓటు కార్డుకే. లింకు నొక్కడానికి పిల్ల అక్కర్లేదు, మనమే నొక్కేస్తాం. మీ ఇంటికి కార్డు వస్తే మాత్రం పిల్లను ఒంటరిగా పంపకండి, తెలిసిన ఇళ్లకే వెళ్లండి, పక్కన నిలబడండి, మాట మాత్రం పిల్లనే మాట్లాడనివ్వండి.

ఆ డబ్బు ఎటు పోతుందని మీరు అడగాలి. మా బడిలో సగం బడికే, లైబ్రరీ పుస్తకాలకో ఆట సామానుకో పోతుంది. మిగతా సగం ఎవరికివ్వాలో పిల్లలే చెయ్యెత్తి తేలుస్తారు. ఒక ఏడు వాళ్లు బ్యారెట్స్‌టౌన్‌ను ఎంచుకున్నారు. కిల్డేర్ కౌంటీలో ఒక పాత కోటలో నడిచే విడిది అది. నటుడు పాల్ న్యూమన్ చొరవతో 1994లో మొదలైంది. క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బులతో ఉన్న పిల్లలు అక్కడికి వెళ్లి చెట్లెక్కుతారు, విల్లు పట్టుకుని బాణాలు వేస్తారు. వాళ్ల కుటుంబాల దగ్గర ఒక్క పైసా తీసుకోరు. దాన్ని ఎంచుకోమని క్లాసు ముందు నిలబడి మాట్లాడింది మందుల వాసన ఎరిగిన ఒక చిన్న పిల్ల. ఎనిమిదేళ్ల పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారని టీచర్ చెప్పారు. ఈస్టర్‌కు ముందు క్యాథలిక్ బడుల నుంచి చిన్న అట్టపెట్టె ఇంటికి వస్తుంది, అది ట్రోకరా అనే క్యాథలిక్ సహాయ సంస్థ పెట్టె. 1973లో పెట్టిన ఆ సంస్థ పేరుకు ఐరిష్‌లో కరుణ అని అర్థం. నలభై రోజులు చిల్లర వేసి తిరిగి పంపిస్తారు. మన మతం వేరని వెనక్కి తగ్గనక్కర్లేదు, వేయడం వేయకపోవడం పూర్తిగా మీ ఇష్టం.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఇక్కడ ప్రైమరీ చదువుకు ఫీజు లేదు. 2023 నుంచి పుస్తకాలూ ఉచితమే. అయినా స్వచ్ఛంద విరాళమని కాగితం వస్తుంది, టూరుకని వస్తుంది, ఆ రోజుకీ ఈ రోజుకీ రెండేసి యూరోలని వస్తూనే ఉంటుంది. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో, ఒక్క జీతం మీద, అవన్నీ కలిస్తే భారమే. పేరెంట్స్ అసోసియేషన్‌లో ఉండగా నేను అన్నిటికంటే గట్టిగా పట్టుపట్టింది దీని మీదే. స్వచ్ఛందమంటే స్వచ్ఛందమే, ఇవ్వకపోతే పిల్లను ఏమీ అనకూడదు. టూరు డబ్బు కట్టలేని నెల ఉంటే ప్రిన్సిపాల్‌కు మెల్లగా చెవిన వేయండి. మనవాళ్లు మొహమాటపడి, "ఆ రోజు జ్వరం" అని పిల్లను ఇంట్లో ఉంచేస్తారు. దయచేసి అలా చేయకండి. బస్సు వెళ్లిపోయాక ఇంట్లో కూర్చున్న ఆ పిల్ల మొహం నేను చూశాను.

కేక్ సేల్, అంటే ఇళ్లలో చేసిన తినుబండారాలు బడిలో అమ్మి చందా పోగుచేయడం, దాని గురించి ఒక్క ముక్క. చాలా బడుల్లో పల్లీలు, జీడిపప్పు, బాదం లాంటివి నిషేధం. అలర్జీ ఉన్న పిల్లలకు అది ప్రాణం మీదికి వచ్చే విషయం. పల్లీ చిక్కీ వద్దు, జీడిపప్పు అతికించిన లడ్డూ వద్దు. మినుములు, బెల్లం, నెయ్యి వేసి నేను చేసిన సున్నుండలు పావుగంటలో అయిపోయాయి. డబ్బా మీద ఏమేం వేశామో చీటీ రాసి అంటించండి, బడి ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి.

ఇక ప్రాజెక్టులు. రంగు అట్టలు, జిగురు, మెరుపు పొడి. రాత్రి పదకొండింటికి అమ్మ కత్తిరిస్తుంటే పిల్ల నిద్రపోతుంటుంది. ఆ ప్రాజెక్టులు నాకు నచ్చవు, టీచర్లకూ నచ్చవు. నాకు నచ్చే ప్రాజెక్టు ఎలా ఉంటుందో చెప్పాలంటే ఈ దేశం చేసిన ఒక పెద్ద పని గురించి చెప్పాలి.

1937లో ఐరిష్ జానపద సంఘం బడిపిల్లలకు ఒక పని అప్పగించింది. ఇంటికెళ్లి అవ్వాతాతలనూ ఇరుగుపొరుగునూ అడిగి, వాళ్లకు తెలిసిన కథలు, మందులు, ఆటలు, పండుగలు, ఊరి బావుల మహిమలు రాసుకుని రమ్మంది. 1939 దాకా సాగిన ఆ పనిలో 26 కౌంటీల నుంచి దాదాపు 5,000 బడులు, 50,000 మంది పిల్లలు పాల్గొన్నారు. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు. వాళ్లు రాసినదంతా కలిపి 7 లక్షల పేజీలు దాటింది. ఇప్పుడది డూహస్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. ఊరి పేరు కొడితే ఆ ఊరి పిల్ల చేతిరాత కనిపిస్తుంది, పక్కనే ఎవరు చెప్పారో వాళ్ల పేరు, వయసు. ఆ పని చేయకపోతే ఎన్ని మాటలు ఆ ముసలివాళ్లతోనే మట్టిలో కలిసిపోయేవో!

ఈ ఏడాది మా పాప క్లాసులో ఐరిష్ మహా కరువు పాఠం వచ్చింది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. 1852 వరకు ఆ గోస సాగింది. దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమందే ఓడలెక్కి వెళ్లిపోయారు. టీచర్ ఆ పాత పద్ధతినే అందుకుని, "మీ ఇంటి పెద్దలను అడగండి, మీ వాళ్లకు తెలిసిన కరువు ఏది?" అని పని ఇచ్చారు. ఐరిష్ పిల్లలు వాళ్ల తాతల దగ్గరికి వెళ్లారు. మా పాప వాట్సాప్‌లో అనంతపురం జిల్లాలో ఉన్న అవ్వకు, అంటే మా అత్తమ్మకు, వీడియో కాల్ చేసింది.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఎవురూ అడగల్యా పాపా, ఇన్నేండ్లూ."

ఆ తర్వాత గంటసేపు చెప్పింది. 1876లో మొదలైన ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప సీమలను ఊడ్చేసిన కరువు. ఆవిడ వాళ్లవ్వకు వాళ్లమ్మ చెప్పిన మాటలు. "చింతగింజలు ఏంచుకోని దంచుకోని తిన్యారంట. నాగజెముడు పండ్లు తిన్యారంట. ముందు పిల్లోళ్లకు పెట్టి పెద్దోళ్లు నీళ్లు తాగి పండుకుండేవాళ్లంట." పదేళ్ల నా కూతురు ఒక్కో మాటా ఆపించి, అర్థం అడిగి, రాసుకుంది. ఇన్నేళ్లుగా ఆ ఇంటి కోడలిని, నాకు ఒక్క ముక్క తెలియదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

బడిలో ఆ పేజీ గోడకు పెట్టారు. పక్కనే ఇంకో పిల్లవాడి పేజీ. వాళ్ల ఊళ్లో నెటిల్స్ అనే దురద ఆకులు ఉడికించుకు తిన్నారని, సముద్రపు నాచు తిన్నారని. రెండు చోట్లా జనం ఆకులు తింటుండగానే ధాన్యం ఓడలెక్కి బయటికి పోయింది. పిల్లలు ఆ రెండు పేజీలూ చదివి తమంతట తామే పట్టుకున్నారా సంగతి.

ఆ పాఠంలోనే ఇంకో రెండు విషయాలు వచ్చాయి. ఐర్లాండ్ కరువుకు సముద్రాల అవతలి నుంచి మొదట అందిన సాయాల్లో ఒకటి కలకత్తా నుంచి. 1846లో అక్కడ నిధి పెట్టి దాదాపు 14,000 పౌన్లు పోగుచేశారు. ఇచ్చినవాళ్లలో అక్కడి సైన్యంలో ఉన్న ఐరిష్ సిపాయిలూ ఉన్నారు, భారతీయులూ ఉన్నారు. రెండోది, 1847లో అమెరికాలోని చోక్టా అనే ఆదివాసి జాతివాళ్లు 170 డాలర్లు పంపారు. సొంత నేల నుంచి వాళ్లను తరిమేసి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా కాలేదు. కార్క్ కౌంటీలో మిడిల్టన్ ఊళ్లో ఆ జ్ఞాపకంగా తొమ్మిది పెద్ద ఉక్కు ఈకలు నిలబెట్టారు, దూరం నుంచి చూస్తే అన్నం గిన్నెలా ఉంటాయి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఐర్లాండ్ జనం అమెరికాలోని నవహో, హోపి జాతులకు విరాళాలు పంపారు, ఆ 170 డాలర్లను తలుచుకుని. ఈ దేశంలో బడిపిల్ల చేతికి చందా కార్డు ఎందుకొస్తుందో నాకు ఆ గోడ ముందు నిలబడ్డప్పుడు తెలిసింది.

టూర్ల గురించి క్లుప్తంగా చెబుతాను. జూన్‌లో బడి మూసే ముందు వెళ్తారు. కిందటేడు న్యూగ్రేంజ్‌కు తోడుగా నేనూ వెళ్లాను. మీథ్ కౌంటీలో బోయిన్ నది దగ్గర ఉన్న సమాధి గుట్ట అది. కట్టి అయిదు వేల ఏళ్లు దాటింది, ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతది. డిసెంబరులో పొద్దు అతి చిన్నదైన రోజుల్లో, తెల్లవారగానే సూర్యకిరణం వాకిలి పైనున్న చిన్న కిటికీలోంచి దూరి, పంతొమ్మిది మీటర్ల రాతి దారి దాటి, లోపలి గదిలో పడుతుంది. పదిహేడు నిమిషాలు ఉంటుంది. మన కాలంలో దాన్ని మొదట చూసింది పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ ఓ కెల్లీ, 1967లో. టూరుకు ముందే పిల్లలు చెప్పుల పెట్టెతో ఆ గుట్ట కట్టి, టార్చి వేసి, కన్నం ఎక్కడ పెడితే వెలుగు లోపలికి పోతుందో నాలుగు రోజులు కుస్తీ పట్టారు. అందుకే లోపల దీపాలార్పి, సూర్యకిరణంలా ఒక దీపాన్ని నేల మీద పాకించినప్పుడు, ఆ పిల్లలు అరవలేదు. నిట్టూర్చారు. బయటికొచ్చాక ఒక పిల్లవాడు గైడును, "కట్టినవాళ్లు మాట్లాడిన భాష ఏది?" అని అడిగాడు. ఆవిడ, "తెలియదు. ఎవరికీ తెలియదు" అంది. వాడు నోటుపుస్తకంలో "ఎవరికీ తెలియదు" అని రాసుకుని కింద గీత గీశాడు.

ఆ రోజంతా వాన. వానకు టూరు ఆగదు, వానకోటు, ఇంకో జత మేజోళ్లు, చల్లారినా తినగలిగే తిండి పెట్టి పంపండి.

మా బడిలో ఈ నెలాఖరుకు మళ్లీ కార్డులు ఇస్తారు. మీలో మా వీధి చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఎనిమిది కుటుంబాలని లెక్కపెట్టాను. మీ పిల్లలు మొదటి తలుపు ఏది తట్టాలని తటపటాయిస్తే మా ఇంటికి పంపండి. ఎంత దూరం నడుస్తారు, ఎవరికోసం నడుస్తారు అని అడుగుతాను. చిల్లర సిద్ధంగా ఉంచుతాను.