ఎన్నికల ప్రకటనకు పన్ను మినహాయింపా?

శ్రోతలకు నమస్కారం.

1992 అక్టోబర్ 30. అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ఇంకా నాలుగు రోజులుంది. ఆ రోజు యూఎస్‌ఏ టుడే, వాషింగ్టన్ టైమ్స్ పత్రికల్లో పేజీ నిండా ఒక ప్రకటన వచ్చింది. 'క్రైస్తవులారా, జాగ్రత్త' అని శీర్షిక. గర్భస్రావం, స్వలింగ సంబంధాల వంటి విషయాల్లో డెమొక్రాట్ అభ్యర్థి బిల్ క్లింటన్ వైఖరి బైబిలుకు విరుద్ధం, అలాంటి మనిషికి ఓటెలా వేస్తాం అని అందులో నిలదీశారు. ఆ ప్రకటన ఇచ్చింది న్యూయార్క్ రాష్ట్రంలో బింగ్‌హాంటన్ దగ్గరున్న పియర్స్ క్రీక్ చర్చి.

ప్రకటన అడుగున సన్నక్షరాల్లో ఇంకో మాట ఉంది. ఈ ప్రకటన ఖర్చుకు విరాళాలు సంతోషంగా తీసుకుంటాం, వాటికి పన్ను మినహాయింపు ఉంటుంది అని. దాని కింద చర్చి చిరునామా. నా దృష్టిలో అసలు గొడవంతా ఆ సన్నక్షరాల్లోనే ఉంది.

దేశం నలుమూలల నుంచీ వందల సంఖ్యలో విరాళాలు వచ్చాయి. ఎన్నికల్లో క్లింటనే గెలిచారు. 1995 జనవరిలో అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఆ చర్చికున్న మినహాయింపును రద్దు చేసింది. రాజకీయాల్లో దిగినందుకు నిజమైన ఒక చర్చికి మినహాయింపు పోవడం అదే మొదటిసారి.

దీనికి ఆధారమైన నిబంధన 1954 నాటిది. లిండన్ జాన్సన్ సెనేటర్‌గా ఉన్నప్పుడు తెచ్చారు. 501సి3 కింద, అంటే మత, సేవా సంస్థలకు పన్ను మినహాయింపు ఇచ్చే చట్ట సెక్షన్ కింద, మినహాయింపు పొందే ఏ సంస్థా అభ్యర్థుల తరఫున గానీ, వాళ్లకు వ్యతిరేకంగా గానీ ప్రచారం చేయకూడదు. గర్భస్రావం తప్పని చెప్పవచ్చు. ఫలానా ఆయనకు ఓటేయకండని మాత్రం చెప్పకూడదు.

చర్చి కోర్టుకెళ్లింది. మా మతస్వేచ్ఛకు భంగం కలిగింది, మా మీదే ఎందుకు పడ్డారు అని వాదించింది. 2000 మే నెలలో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. మీ ఆరాధనకు ఎవరూ అడ్డు రాలేదు, మీకు పోయేది కొంత డబ్బు. రాజకీయం మాట్లాడాలంటే వేరే సంస్థ పెట్టుకునే దారి చట్టంలోనే ఉంది అని తేల్చింది.

నాకు ఆ తీర్పు సబబే అనిపిస్తుంది. దాత కట్టాల్సిన పన్ను తగ్గితే, ఆ మేరకు ఖజానాకు రావలసింది రాదు. క్లింటన్‌కు ఓటేసినవాళ్లు కూడా ఆ లోటు మోయాలి. క్లింటన్‌కు వ్యతిరేకంగా వేసిన ప్రకటనకు వాళ్లెందుకు సాయపడాలి?

అయితే సంప్రదాయవాద పాస్టర్ల ఫిర్యాదును కొట్టిపారేయలేం. నల్లజాతి చర్చిల్లో డెమొక్రాట్ అభ్యర్థులు ప్రసంగిస్తే ఎవరూ పట్టించుకోరు, మమ్మల్నే అడుగుతారు అంటారు వాళ్లు. నిబంధనంటూ ఉన్నాక అందరికీ ఒకేలా వర్తించాలి. 2008 నుంచి కొన్నేళ్లపాటు చాలామంది పాస్టర్లు కావాలనే వేదిక మీద అభ్యర్థుల పేర్లెత్తి, ఆ ప్రసంగాలను ఐఆర్‌ఎస్‌కే పంపారు. వాటి మీద ఎవరి మినహాయింపూ పోలేదు. 2025 జులైలోనైతే, ఆరాధన సందర్భంగా సొంత సంఘస్థులతో అభ్యర్థుల గురించి మాట్లాడటం ఈ నిషేధం కిందికి రాదని ఐఆర్‌ఎస్ స్వయంగా టెక్సస్ కోర్టుకు చెప్పింది. సంఘస్థులతో అన్నారు, గమనించండి. పేపర్లో పేజీ కొని, ఊరందరి దగ్గరా విరాళాలడగటం సంఘస్థులతో మాట్లాడటం కాదు.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకు ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. ఈ నిబంధన చర్చిలకే కాదు. 501సి3 కింద ఉన్న గుడికీ వర్తిస్తుంది, మసీదుకూ వర్తిస్తుంది, తెలుగు సంఘానికీ వర్తిస్తుంది. ఎన్నికల ఏడాదిలో మీ సంఘం వేడుకలో ఒక అభ్యర్థికి మైకు ఇస్తున్నారంటే, అదే పదవికి పోటీ చేస్తున్న మిగతావాళ్లనూ పిలిచారా అని కమిటీని అడగండి. పిలవకపోతే, ఇప్పుడైనా పిలవమని చెప్పండి. అభ్యర్థి కోసం చందా వసూలు చేస్తుంటే, అది సంఘం ఖాతాలోకా, అభ్యర్థి ప్రచార ఖాతాలోకా అని చెక్కు రాయకముందే కనుక్కోండి.