మూడున్నర మైళ్ల కాలవ, ఒక పాడిగేదె

బామ్మర్ది: అందరికీ వందనాలు. ఒంగోలు నుంచి మళ్లీ మేమే. కిర్రుమని వినపడితే అది బావ స్టూలు. ఇంకా మార్చలేదు.

బావ: మార్చను. చెప్పు.

బామ్మర్ది: ఇవాళ రాకడ సూచనలు, అంటే యేసు మళ్లీ వచ్చే ముందు కనపడతాయనే గుర్తులు. 2024 డిసెంబరులో ముండ్లమూరు దగ్గర భూమి కదిలిన కాడి నుంచి వినేవాళ్లు ఇదే అడుగుతున్నారు. బైబిల్లో మత్తయి సువార్త 24లో కరువులు, భూకంపాలు అని ఉంది గదా, అవి ఇవేనా అని.

బావ: 1967లో ఒంగోల్లో ఇంతకంటే గట్టిగా కదిలింది. గిన్నెలు పడ్డాయని మా నాయన చెప్పేవాడు. అయినా కరువంటే గుర్తొచ్చింది...

బామ్మర్ది: అయిపోయింది. దూకాడు మళ్లీ తన కాలవ కథలోకి. రెండు నిమిషాలు కూడా ఆగలా.

బావ: విను రా! ధాత కరువు, 1876 నుంచి 78. కరువు, కలరా, దోవ పక్కన శవాలు. సూచనలు కావాలంటే అంతకంటే ఏం కావాలి? అప్పుడు ఒంగోల్లో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఏం చేశాడు? బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకొని జనానికి పని పెట్టాడు. బోధకులే మేస్త్రీలు. పగలు తవ్వకం, పొద్దుగూకాక ప్రార్థన.

బామ్మర్ది: తర్వాత వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. సండే స్కూల్లో బట్టీ పట్టించారులే. గంజి కోసం వచ్చారని అనేవాళ్లూ ఉన్నారు గదా.

బావ: అననీ. కరువున్నంత కాలం ఆయన బాప్తిస్మాలే ఆపేశాడు. గంజి కోసం చేరారనే మాట రాకూడదనే. కూలి డబ్బులు ఆగాక వచ్చారు వీళ్లు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు వంతులేసుకొని ఏట్లో దిగారు.

బామ్మర్ది: ఆకలి మర్చిపోయి వచ్చారంటావా? అన్నం పెట్టిన చెయ్యిని నమ్మడం తప్పేం కాదు బావా. మాదిగపల్లెల్లో అప్పటిదాకా ఎవడు కూర్చోబెట్టి మాట్లాడాడు గనక?

బావ: అదీ నిజమే. మాదిగల్లో మొదట్లోనే నమ్మి బోధకుడైన ఎర్రగుంట్ల పేరయ్య కరువుకి ముందే వచ్చినవాడనుకో. నేననేది, ఆ జనం ఆకాశం వైపు చూస్తూ కూర్చోలా. పార పట్టుకున్నారు.

బామ్మర్ది: మా నాయనమ్మ కూర్చుంది.

బావ: ఏంది?

బామ్మర్ది: 1999లో. ప్రార్థన కూటాలకొచ్చిన ఒక అయ్యగారు లోకం 2000 దాటదన్నాడు. అమెరికాలో మిల్లరని ఒకాయన వెనకాల నడిచినవాళ్లు కూడా ఇట్టాగే యేసు 1844 అక్టోబరు 22న వస్తాడన్నారు, జనం చేలు కొయ్యకుండా ఎదురుచూశారు. నాయనమ్మకి ఆ సంగతి తెలియదు గదా. క్రిస్మస్‌కి ముందే పాడిగేదెని అమ్మేసింది. కానుకకి కొంత, మిగతాది అప్పులకి. ఎవరికీ బాకీ ఉండకుండా పోవాలని.

బావ: మీ అక్క ఎప్పుడూ చెప్పలేదే.

బామ్మర్ది: చెప్పదు. జనవరి ఒకటో తేదీ తెల్లారే లేచి, కడుగు తీసుకెళ్లి కుడితి తొట్టిలో పోసింది. పోశాక చూసింది గుంజ వైపు. పలుపు ఒక్కటే వేలాడతా ఉంది. ఎండాకాలం దాకా మాకు డికాక్షనే. ఆ అయ్యగారిని మాత్రం ఒక్క మాట అననిచ్చేది కాదు.

బావ: ఆ దినం కుమారుడికి కూడా తెలియదని అదే 24లో ఉంది గదరా.

బామ్మర్ది: ఆమెకి చదువు రాదు బావా. ఆయన ఎక్కడిదాకా చదివి వినిపిస్తే అక్కడిదాకే ఆమె బైబిలు.

(కిర్రు)

బావ: ప్రకటన గ్రంథంలో మృగం సంఖ్య అని ఉన్న 666 ఆధార్‌లో ఉందా అని కూడా అడిగారు.

బామ్మర్ది: లేదు. తర్వాత?

బావ: థెస్సలొనీకలో పని మానేసి తిరిగేవాళ్లకి పౌలు ఏం రాశాడు, పని చేయనివాడు తినకూడదని. అందుకే నేను కాలవ గురించి...

బామ్మర్ది: బావా.

బావ: సరే సరే. గేదె ఎంతకి పోయింది?

బామ్మర్ది: ఆరువేలు. దూడతో కలిపి.

బావ: దూడ కూడానా?

బామ్మర్ది: ఆపెయ్ బావా రికార్డింగు.