నోరు తెరవడం నేర్పే గది

(ముత్తుకూరులో విద్యార్థులు, తల్లిదండ్రులు, పోర్టులో పనిచేసేవాళ్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుస దాకా వినబడుతోందా? సరే.

నేను చాలాకాలం సరుకు ఓడల్లో చీఫ్ ఆఫీసర్‌గా పనిచేశాను. ఇప్పుడు చెన్నైలో సిమ్యులేటర్ మీద నావికులకు శిక్షణ ఇస్తున్నాను. ఈ సభ పెట్టినవాళ్లు ఫోన్ చేసి, "సిమ్యులేటర్ అంటే మా పిల్లలు వీడియో గేమ్ అనుకుంటున్నారు, కాస్త వివరంగా చెప్పండి సార్" అన్నారు. పిల్లలు అనుకున్నదాంట్లో పెద్ద తప్పేం లేదు. చూడ్డానికి అలాగే ఉంటుంది. ఆటలో ఓడ మునిగితే మళ్లీ మొదలుపెడతారు, మా దగ్గరా అంతే. కాకపోతే మా దగ్గర మునిగిన తర్వాత ఒక గంట కూర్చోబెట్టి, ఎందుకు మునిగిందో మునిగినవాళ్ల చేతే చెప్పిస్తాం. అసలు పాఠం ఆ గంటలోనే ఉంటుంది.

ముందు ఆ గది సంగతి చెబుతాను. ఓడ నడిపే గదిని బ్రిడ్జి అంటాం, అది ఎలా ఉంటుందో అచ్చం అలాగే కడతారు. చుక్కాని, రాడార్లు, ఎలక్ట్రానిక్ చార్టు, వీహెచ్ఎఫ్ రేడియో, ఇంజిన్ వేగం మార్చే లీవరు, అన్నీ నిజమైన ఓడలో ఉండేలాంటివే. చుట్టూ అర్ధచంద్రాకారంలో పెద్ద తెరలు, వాటి మీద సముద్రం. నేల కదలదు. అయినా తెర మీద అల లేచి ఆకాశం ఒరిగేసరికి, ఇరవై ఏళ్లు ఓడల్లో తిరిగినవాళ్లు కూడా గబుక్కున కడ్డీ పట్టుకుంటారు. కొందరికి కడుపులో తిప్పుతుంది కూడా. పక్క గదిలో కంప్యూటర్ల ముందు నాలాంటివాడు కూర్చుంటాడు. గాలి పెంచేదీ, పొగమంచు దించేదీ, జనరేటర్ ఆపేదీ వాడే. రేడియోలో పోర్టు కంట్రోల్ గొంతు, ఇంజిన్ రూము గొంతు, ఎదురొచ్చే ఓడ కెప్టెన్ గొంతు, అన్నీ వాడివే. మా ఆవిడ ఒకసారి చూసి, ఇది ఉద్యోగమా నాటకమా అంది.

ఇంజిన్ రూముకు వేరే సిమ్యులేటర్ ఉంది. చమురు, గ్యాసు నింపే ట్యాంకర్లకు ఇంకొకటి. మన కృష్ణపట్నానికి పామాయిల్ తెచ్చే ట్యాంకర్ల మీద పనిచేసేవాళ్లు ఏ వాల్వు ముందు తిప్పాలో, ఏది తిప్పితే ఓడ ఒక పక్కకు ఒరుగుతుందో అక్కడ నేర్చుకోవచ్చు. రాడార్ శిక్షణకైతే సిమ్యులేటర్ ఉండి తీరాలి. నావికుల శిక్షణ మీద 1978లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి 1995లో చేసిన సవరణలు ఆ నిబంధన పెట్టాయి. ఆ ఒప్పందాన్ని మేము ఎస్‌టీసీడబ్ల్యూ అంటాం. ఓడ ఉద్యోగానికి వెళ్లే ప్రతి పిల్లవాడికీ ఈ పేరు కంఠతా వచ్చేస్తుంది.

మరి ఓడలో డ్రిల్లులు ఉంటాయి కదా, ఇదంతా ఎందుకు అని అడగొచ్చు. ఉంటాయి. ప్రతి నావికుడూ నెలకొకసారైనా అగ్నిమాపక డ్రిల్లు, ఓడ విడిచే డ్రిల్లు చేయాలి. ఏడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా అలారం మోగగానే అందరూ తమకు చెప్పిన చోటికి చేరాలి. కానీ ఆ డ్రిల్లు ఎన్నింటికో అందరికీ ముందే తెలుసు. వంటవాడు టీ పెట్టి మరీ వస్తాడు. మంట ఎక్కడ "అంటుకుంటుందో" బోర్డు మీద రాసి ఉంటుంది. నిజమైన మంట బోర్డు చదివి రాదు. పైగా డ్రిల్లుల్లోనే ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. లైఫ్‌బోటు దించుతుంటే కొక్కెం ముందే ఊడి, బోటు మనుషులతో సహా కింద పడిన ప్రమాదాలు ఒకటీ రెండూ కాదు. ఆ కొక్కేల నిబంధనలే మార్చాల్సి వచ్చింది.

ఇప్పుడు మా గదిలో ఎక్కువసార్లు చేయించే ఒక అభ్యాసం చెబుతాను.

ఓడ నడిసముద్రంలో ఉంది. రాత్రి. జనరేటర్‌కు డీజిలు తెచ్చే పైపు చిట్లి, వేడెక్కిన ఎగ్జాస్ట్ మీద చిమ్మింది. ఇంజిన్ రూము మంటల్లో తరచుగా కనిపించే కారణం ఇదే. అలారం మోగింది. లోపలికి గాలి పంపే ఫ్యాన్లు ఆపాలి, గాలి దారులకుండే మూతలు, అంటే డాంపర్లు, మూయాలి, ఇంధనం వాల్వులు దూరం నుంచే కట్టేయాలి. అప్పటికీ మంట ఆగకపోతే ఆఖరి ఆయుధం కార్బన్ డయాక్సైడ్. ఇంజిన్ రూములో అయితే, నింపాల్సిన గ్యాసులో 85 శాతం రెండు నిమిషాల్లో లోపలికి వెళ్లిపోయేలా ఏర్పాటు ఉండాలని నిబంధన. ఆ గ్యాసు మంటనూ ఆర్పుతుంది, లోపల మనిషి ఉంటే వాణ్నీ ఆర్పుతుంది. అందుకే అది వదిలే ముందు తలలు లెక్కపెట్టాలి.

ఓడలో 22 మంది. నేను పక్క గదిలో కూర్చుని ఒకణ్ని మాయం చేస్తాను. ఆయిలర్ కుర్రాడు, అంటే ఇంజిన్ రూములో నూనె పనులు చూసేవాడు. వాడి వాకీటాకీ బ్యాటరీ అయిపోయింది, వాడేమో వెనక చుక్కాని తిప్పే యంత్రం ఉండే స్టీరింగ్ గేర్ గదిలో ఉన్నాడు. ఆ సంగతి బ్రిడ్జిలో ఎవరికీ తెలియదు. 21 మందే లెక్కకొచ్చారు. చీఫ్ ఇంజినీర్ "ఇంకొక్క నిమిషం ఆగితే ఓడ పోతుంది, గ్యాసు వదలమంటారా" అని రేడియోలో అరుస్తాడు. ఆ అరుపు కూడా నాదే. కెప్టెన్ స్థానంలో ఉన్నాయన ఏం చేయాలి?

కరెక్టు జవాబేంటి సార్ అని అడుగుతారు. ప్రతిసారీ పనికొచ్చే జవాబు నా దగ్గర లేదు. నేను చూసేది వేరే. వాణ్ని ఆఖరిసారి ఎవరు, ఎక్కడ చూశారని ఒక్కడైనా అడిగాడా? వెతకడానికి శ్వాస పరికరం కట్టుకున్న ఇద్దరిని పంపే ఆలోచన వచ్చిందా? పంపితే, ఆ సిలిండర్ అరగంటకు మించి నమ్ముకోదగ్గది కాదని ఎవరైనా టైము రాసుకున్నారా? ఒక బ్యాచ్‌లో ఏమైందంటే, కెప్టెన్ కేకలకు బెదిరిపోయి థర్డ్ ఆఫీసర్ లెక్కపెట్టకుండానే కాగితం మీద 22 అని రాసేశాడు. గ్యాసు వదిలారు. ఆ అబ్బాయి ఆ రాత్రి అన్నం తినలేదట. లోపల ఎవరూ లేరని, అది ఉత్త కంప్యూటరని వాడికీ తెలుసు.

చేతులకు పని నేర్పడం తేలిక. రెండు వారాల్లో వాల్వులన్నీ గుర్తుంటాయి. మనవాళ్లకు నేర్పడం కష్టమైనది ఒకటుంది. పైవాడు తప్పు చేస్తున్నప్పుడు నోరు తెరవడం. మనం పిల్లల్ని పెంచేదే పెద్దవాళ్లకు ఎదురు చెప్పొద్దని. ఇంట్లో నాన్న, బడిలో సారు, ఊళ్లో పెద్దాయన. అలా పెరిగిన కొత్తపట్నం కుర్రాడో, మన ముత్తుకూరు కుర్రాడో బ్రిడ్జిలో కెప్టెన్ పక్కన నిలబడితే, ఎదురుగా దీపం లేని పడవ కనిపించినా గొంతు పెగలదు. ఒకసారి అచ్చంగా అదే జరిగింది. మేము మాటలన్నీ రికార్డు చేస్తాం. తర్వాత వినిపిస్తే, వాడి గొంతు "సార్..." అని వస్తుంది. తర్వాత ఏమీ ఉండదు. ఆ తర్వాత గుద్దుకున్న చప్పుడు. ఎందుకు చెప్పలేదురా అంటే, "కెప్టెన్‌కి తెలియకుండా ఉంటుందా సార్" అన్నాడు.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవి విమానాశ్రయంలో రెండు పెద్ద విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. రన్‌వే ఖాళీ అయిందా అని ఫ్లైట్ ఇంజినీర్‌కు అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. కెప్టెన్ అయిందన్నాడు. ఆయన ఆగిపోయాడు, విమానం ఆగలేదు. విమానాలవాళ్లు కాక్‌పిట్‌లో మాట్లాడుకునే పద్ధతినే ఒక శిక్షణగా మార్చింది ఇలాంటి ప్రమాదాల తర్వాతే. ఓడలవాళ్లు దాన్ని తెచ్చుకునేసరికి 1990లు వచ్చాయి. ఆఫీసర్లకు ఆ శిక్షణ తప్పనిసరి అయింది ఎస్‌టీసీడబ్ల్యూకు 2010లో చేసిన మనీలా సవరణలతో.

ఆ సవరణలు 2012 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. అదే నెల 13న ఇటలీలో కోస్టా కాంకోర్డియా అనే ప్రయాణికుల ఓడ రాయిని గుద్దుకుంది. రాత్రి పావు తక్కువ పదికి దెబ్బ తగిలితే, ఓడ విడవమని చెప్పడానికి గంటకు పైగా పట్టింది. కింద నీళ్లు నిండుతున్నాయని ఇంజిన్ రూము నుంచి కబురు వస్తూనే ఉంది. తీరరక్షక దళం అడిగితే మాత్రం కరెంటు పోయిందన్నారు. 32 మంది చనిపోయారు. ఆ బ్రిడ్జిలో కెప్టెన్ ఒక్కడే లేడు, చుట్టూ ఆఫీసర్లున్నారు.

దీనికి ఎదురుగా 2024 మార్చి 26 పెట్టి చూడండి. అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలి అనే కంటైనర్ ఓడ. సిబ్బందిలో దాదాపు అందరూ మన భారతీయులే. వంతెన దగ్గరికి వస్తుండగా కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. ఒక వైరు సరిగ్గా బిగుసుకోకపోవడం మొదటిసారి పోవడానికి కారణమని దర్యాప్తులో తేలింది. ఓడల్లో ఎమర్జెన్సీ జనరేటర్ 45 సెకన్లలోపు అందుకోవాలి. కానీ అది దీపాలకు, రేడియోకు, చుక్కానికే. ఓడను తోసే ఇంజిన్ దానితో నడవదు. మొదట కరెంటు పోయినప్పటి నుంచి వంతెనను గుద్దేదాకా ఉన్నది నాలుగు నిమిషాలు. అంత బరువున్న ఓడ ఆ వ్యవధిలో ఆగదు. పోర్టు దారిలో ఓడను నడిపించడానికి ఎక్కే పైలట్ లంగరు వేయమన్నాడు, వంతెన మీద బండ్లు ఆపమని కబురు పెట్టాడు. పోలీసులు బండ్లు ఆపారు. వంతెన మీద మరమ్మతు చేస్తున్న ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఆ కబురు వెళ్లకపోతే ఎందరు పోయేవారో చెప్పలేం. ఓడను కాపాడే దారి లేనప్పుడు కూడా చేయగలిగిన పని ఒకటి మిగులుతుంది, అది మాట్లాడటం. ఆ నాలుగు నిమిషాలను ఇప్పుడు మేము పదేపదే సాధన చేయిస్తాం.

మా గదిలో కుర్రాళ్లకు మూడు మెట్లు నేర్పిస్తాం. మొదట అడగాలి: "సార్, ముందున్న పడవ చూశారా?" పలకకపోతే తనకు అనిపించింది చెప్పాలి: "సార్, దూరం తగ్గిపోతోంది, నాకు టెన్షన్‌గా ఉంది." అప్పటికీ కదలకపోతే, "సార్, స్పీడు తగ్గించండి." మర్యాద ఎక్కడా పోలేదు చూడండి, సార్ అలాగే ఉంది. కెప్టెన్లకు నేర్పాల్సింది ఇంకా పెద్దది. ఆ మూడో మెట్టు దాకా వచ్చిన పిల్లవాణ్ని తర్వాత కసరకుండా ఉండటం. నిజం చెప్పాలంటే కుర్రాళ్ల కంటే కెప్టెన్లే ఇందులో ఎక్కువసార్లు ఫెయిలవుతారు.

పోర్టులో పనిచేసేవాళ్లు ఇక్కడున్నారు కాబట్టి బొగ్గు గురించి చెప్పాలి. కృష్ణపట్నానికి ఓడల్లో వచ్చే బొగ్గు మూసిన హోల్డులో, అంటే ఓడలో సరుకు నింపే గదిలో, ఉన్నంతసేపూ అక్కడి ఆక్సిజన్ పీల్చేసుకుంటూ ఉంటుంది. మనం పీల్చే గాలిలో 21 శాతం దాకా ఆక్సిజన్ ఉంటుంది. హోల్డు నిచ్చెన దారిలో అది ఎంతకు పడిపోయిందో వాసన చెప్పదు, కన్ను చెప్పదు. మీటరు చెప్పాలి. ఒకడు దిగి పడిపోతాడు. వాణ్ని చూసి రెండోవాడు దిగుతాడు. మన ఊళ్లలో పాతబావిలో, సెప్టిక్ ట్యాంకులో ఒకరి వెనక ఒకరు దిగి చనిపోయారని పేపర్లో చదువుతుంటాం కదా, అదే ఇది. మూసిన గదుల్లోకి దిగే డ్రిల్లు రెండు నెలలకొకసారి చేయాలని 2015 జనవరి నుంచి నిబంధన ఉంది. కళ్లకు తొడుక్కునే వర్చువల్ రియాలిటీ అద్దాలతో ఇప్పుడు దీన్ని కూడా నేర్పుతున్నారు. అందులో సాధన చేయించేది దిగడం కాదు, దిగకుండా పైనే నిలబడి అలారం కొట్టడం. స్నేహితుడు కింద పడి ఉంటే పైన నిలబడటం ఎంత కష్టమో ఆ అద్దాలు పెట్టుకుంటే తెలుస్తుంది.

సిమ్యులేటర్ చేయలేనివీ ఉన్నాయి. వేడి ఉండదు. పొగకు కళ్లు మండవు. చల్లటి నీళ్లలో లైఫ్‌జాకెట్ గడ్డం కింద ఎలా నొక్కుతుందో తెలియదు. అందుకే కొలనులో దూకించే శిక్షణ, పొగ నింపిన గదిలో పాకించే శిక్షణ అలాగే ఉన్నాయి, ఐదేళ్లకొకసారి తిరిగి చేయాలి. తెర చూసి అవి తగ్గించేద్దామనే ఆలోచన కొన్ని చోట్ల ఉంది, ఖర్చు కలిసొస్తుందని. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం.

ఇంకో లోటు మనకు సంబంధించింది. మేము వాడే సాఫ్ట్‌వేర్‌లో సింగపూర్ ఉంటుంది, రోటర్‌డామ్ ఉంటుంది. మన తీరం అంత వివరంగా ఉండదు. ఇక్కడ రాత్రిపూట ఛానెల్ ముఖద్వారంలో వలలు వేసుకుని కూర్చునే ఫైబర్ పడవలు రాడార్‌లో సరిగ్గా కనిపించవు. జువ్వలదిన్నె హార్బర్ బోట్లు, మత్స్యకారుల పట్టపుపాలేల పడవలు, పెద్ద బొగ్గు ఓడ, ఎదురుగాలి, అన్నీ ఒకే తెర మీద పెట్టి ఓడలను లాగే టగ్ పడవల మాస్టర్లనూ పైలట్లనూ కూర్చోబెట్టాలి. రామాయపట్నంలో పోర్టు వస్తోంది కాబట్టి ఈ పని ఇప్పుడే మొదలుపెట్టాలి. ఆ తెర ముందు ఒక్కరోజైనా మత్స్యకారులను కూడా కూర్చోబెట్టాలని నా కోరిక. పెద్ద ఓడ బ్రిడ్జి నుంచి చూస్తే ముక్కు కింద కొన్ని వందల మీటర్లు అసలు కనిపించదు. ఓడ వాళ్లు మనల్ని చూసే ఉంటారులే అనుకునే పడవవాడికి అది చూపించాలి. 2017 జనవరిలో చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నప్పుడు ఒడ్డున జనం బకెట్లతో నూనె ఎత్తిపోశారు. అది ఇక్కడికి ఎంత దూరమో మీకు తెలుసు.

ఆఖరుగా తల్లిదండ్రులకు. ఫలానా కోర్సు సర్టిఫికెట్ ఇంతకు ఇప్పిస్తామని, సీడీసీ, అంటే నావికుడి గుర్తింపు పుస్తకం, చేయించి నేరుగా ఓడ ఎక్కిస్తామని ఏజెంట్లు తిరుగుతుంటారు. క్లాసుకు వెళ్లకుండా వచ్చిన కాగితంతో వాడు మంట ముందు నిలబడాలి, అది గుర్తుంచుకోండి. శిక్షణ సంస్థకు డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ గుర్తింపు ఉండాలి, ఉద్యోగం ఇప్పించేవాడికి ఆర్‌పీఎస్ఎల్ లైసెన్స్ ఉండాలి. ఆ రెండు జాబితాలూ ఆ శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి. చూడ్డం రాకపోతే సభ అయ్యాక నా దగ్గరికి రండి, మీ ఫోన్లోనే చూపిస్తాను. ఇక మీ ప్రశ్నలు అడగండి.